ఏడో నంబరుకు వెళ్లిన మెసేజ్

శ్రావణ మాసం రెండో మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. మా గోడ గడియారం మూడు నిమిషాలు ముందు నడుస్తుంది కనుక అందులో రెండూ పదమూడు. కోరుట్లలో పొద్దుటి నుంచి తుంపర. పక్కింటామె మా వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎనిమిదేళ్ల ఆమె కూతురు చాట పక్కనే ముడుచుకుని నిద్రపోయింది. జగిత్యాల నుంచి వచ్చిన నా మేనకోడలు నా నోట్‌బుక్కును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఏంది అత్తమ్మా, పాప పానమంతా గీ అట్ట చినిగిన బుక్కులనే ఉన్నదా?"

"ఉన్నది. ఐదేండ్ల సంది ఒక్క రోజు తప్పలే."

"పోయిన నెల నీకు జొరమొచ్చి నాలుగొద్దులు పండుకుంటివి కదా. గప్పుడేమైంది?"

అప్పుడు రెండు రోజులు ఆలస్యమైంది. నా చేతిరాత పక్కింటామె చదవలేకపోయింది. చదివినా ఎవరిని ఏమని పిలవాలో తెలియదు.

ఆ పాపకు తలసేమియా. ఒంట్లో రక్తం తనంతట తాను సరిగా తయారుకాదు. ఇరవై ఒక్క రోజులకోసారి జగిత్యాలలో ఎక్కించాలి. గ్రూపు ఓ నెగెటివ్, వెతికితే కాని దొరకనిది. సంవత్సరానికి పదిహేడు సార్లు, పైన ఎనిమిది రోజులు మిగులుతాయి. ఒకసారి ఇచ్చిన మనిషి మళ్లీ తొంభై రోజుల దాకా ఇవ్వకూడదు. లెక్క ప్రకారం ఐదుగురు చాలు. కానీ జ్వరాలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, ఊరికి పోయేవాళ్లుంటారు. అందుకని పదకొండుమందిని పోగు చేశాను. జగిత్యాలలో నలుగురు, కోరుట్ల చుట్టుపక్కల నలుగురు, సిరిసిల్ల వైపు ముగ్గురు. వరసగా పిలిస్తే ఒకరి వంతు మళ్లీ రావడానికి రెండువందల ముప్పై ఒక్క రోజులు.

నేను చేసిన ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, అడిగిన మనిషికి చేత్తో లైను కలిపే పని. మనుషులను గొంతుతో గుర్తుపట్టడం అలవాటు. వంతుకు రెండు రోజుల ముందు భోజనాల వేళ దాటాక కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని ఫోను పట్టుకునేదాన్ని. ఆ వేళలో అన్ని ఊళ్లూ కాస్త మగతగా ఉంటాయి. సిరిసిల్లలో సాంచాలు అనే మరమగ్గాల మీద పనిచేసే ఆయనను పిలిస్తే ముందు సాంచాల చప్పుడే వచ్చేది, వాన ఎక్కడో దూరాన రేకుల మీద పడుతున్నట్టు. ఆ చప్పుడులోంచి ఆయన గొంతు మెల్లగా తేలి వచ్చేది. రుద్రంగి రైతు ఫోనులో కొంగలు వినిపించేవి. ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఎవరింట్లోనో పసిపిల్ల. నేను మాట్లాడింది ఒక్కొక్కరితో నాలుగు నిమిషాలకు మించదు. అయినా ఫోను పెట్టేశాక ఆ ఇళ్లన్నీ తిరిగి వచ్చినట్టు కాళ్లు బరువెక్కేవి. కళ్లు మూసుకుంటే వరండాలో ఆకు కత్తిరించే చప్పుడు, పాప ఊపిరి. పదకొండు ఇళ్ల గుండా ఒక సన్నటి ఎర్రటి కాలువ పారి ఆ పిల్ల చేతిలోకి చేరుతున్నట్టు అనిపించేది. అలా అనిపించిన రోజు తేదీ వేసి, పేరు పక్కన టిక్కు పెట్టేదాన్ని.

మేనకోడలు జగిత్యాలలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా మార్పు చేయాలంటే ముందు ఈమె ఒప్పుకోవాలి. ఏమేం చెడవచ్చో రాయించి, చెడితే వెనక్కి వచ్చే దారి చూపించమని అడిగి, అప్పుడు సరే అంటుంది. ఆ రోజు నా పని మీదా అదే విద్య ప్రయోగించింది. నోట్‌బుక్కులోని పేర్లు, నంబర్లు తన ఫోనులోకి ఎక్కిస్తే, వంతు వచ్చినవాళ్లకు దానంతట అదే మెసేజ్ పోతుంది. వస్తామన్నవాళ్లు ఒకటి నొక్కుతారు. పచ్చ గుర్తు పడుతుంది. ఆరు గంటల్లో ఎవరూ నొక్కకపోతే తర్వాతి మనిషికి పోతుంది.

"నడిచేదాన్ని ముట్టుకుంటున్నం అత్తమ్మా. ఊకనే ముట్టుకోవద్దు. లెక్క రాద్దాం" అని పాత క్యాలెండర్ కాగితం తిరగేసింది.

అది నాకు నచ్చింది. నేను చెప్పాను, తను రాసింది. నెట్ లేకపోతే? మర్నాడు పొద్దున చూసుకోవాలి, హాని చిన్నది. ఫోను ఆపి ఉంటే? తర్వాతి మనిషికి పోతుంది, హాని చిన్నది. ఇద్దరొస్తే? ఒకరిని దండం పెట్టి పంపాలి. ఎవరూ రాకపోతే? అక్కడ తను పెన్ను ఆపింది.

"పాప ఎన్నొద్దులు ఆగుతది?"

వరండాలోంచి తల్లి జవాబిచ్చింది. చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి. "నాలుగొద్దులు ఆగుతది అక్కా. ఐదో రోజు పెదవులు సున్నమేసినట్టయితయి. మెట్లెక్కది. ఆటకు పిలిస్తె మొకం తిప్పుకుంటది."

మేనకోడలు ఆ వరసకు ఎదురుగా 'పెద్ద హాని' అని రాసి రెండు గీతలు గీసింది. తరవాత నంబర్లు ఒక్కొక్కటే చదివింది.

"ఏడో నంబరు. కరెక్టేనా?"

"కరెక్టే."

"చేస్తె ఎత్తుతరా?"

"ఎప్పుడు చేసినా ఎత్తుతరు."

"వస్తరా?"

"నాలుగు సార్లు వచ్చిండ్రు. ఒక్కసారి కూడా ఎగ్గొట్టలే."

మూడు జవాబులూ నిజమే. ఇప్పటికీ వాటిలో తప్పు చూపలేను.

చివరికి తను ఒక మాట అంది. "ఒక్కసారి అందరికీ ఉత్త మెసేజ్ పంపి చూద్దామా? ఎవరెట్ల జవాబిస్తరో తెలుస్తది."

"వద్దు" అన్నాను. "పని లేకుండ మందిని కదిలియ్యద్దు. రేపు నిజంగ పిలిస్తె ఇది గూడ ఉత్తదే అనుకుంటరు."

తను ఒక్క క్షణం ఆలోచించి, "అదీ నిజమే" అని ఆ వరస కొట్టేసింది. ఆ కాగితం మీద కొట్టేసిన వరస అదొక్కటే. కొట్టేయించింది నేను.

బదులుగా ఒక షరతు పెట్టాను. మొదటి రెండు వంతులూ పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలి. మెసేజూ పోవాలి, నేనూ ఫోను చేయాలి. మా ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయిన రోజుల్లో అలాగే చేశాం. కొత్తది పక్కన నిలబెట్టి, అన్ని తీగలూ కలిపి చూసి, అప్పుడు పాతదాన్ని విడదీశాం. అంతా సరిగ్గా జరిగింది. కానీ ఆ వారమే ఒక ముసలామె ఆఫీసుకు నడుచుకుంటూ వచ్చి, "డాక్టరుకు కలుపు బిడ్డా అంటె ఎవ్వరు పలుకుతలేరు" అంది. ఆమెకు నంబరు తెలియదు. అన్నేళ్లూ ఆమెకు నంబరు మేమే. ఈ సంగతి ఆ మధ్యాహ్నం నాకు గుర్తుకొచ్చింది కూడా. మేనకోడలికి చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వేసి అక్కడే వదిలేశాను.

తొమ్మిది రోజుల తరవాత గురువారం మొదటి వంతు. జగిత్యాల టీచరు పదకొండు నిమిషాల్లో ఒకటి నొక్కాడు. నేను ఫోను చేస్తే, "పెద్దమ్మా, చెప్పిన గదా వస్తనని, మల్లేంది?" అన్నాడు. మళ్లీ ఇరవై ఒక్క రోజులకు కోరుట్లలో బట్టలు కుట్టే ఆయన. అతనూ అంతే. రెండుసార్లూ పాపకు వేళకు ఎక్కింది. మూడో వంతుకు నా ఫోను అక్కరలేదని ముగ్గురం అనుకున్నాం. ఆ మంగళవారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఎవరినీ పిలవలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. బయట ఎంగిలిపూల బతుకమ్మకు, అంటే పండుగ మొదటి రోజుకు, గునుగు పూలు అమ్ముకుంటూ పోతున్నారు. వీధంతా తెల్లగా, లేత గులాబీగా కదులుతున్నట్టుంది. ఏడో నంబరు ఎదురుగా పొద్దున తొమ్మిదీ ఏడుకే పచ్చ గుర్తు పడిందని, పండుగకు మళ్లీ వచ్చిన మేనకోడలు తన ఫోను చూపించి చెప్పింది. ఆ పచ్చదనం చూసుకుని కాస్త కునుకు తీశాను. కలలో కూడా అదే, ఎక్కడో పచ్చటి దీపం ఒకటి నిలకడగా వెలుగుతోంది.

పాప ఆ రోజు, మర్నాడు బతుకమ్మ ఆడింది. తొమ్మిది రోజులూ ఆడతానని వేళ్లు మడిచి నాకు చూపించింది. గురువారం రక్తం ఎక్కితే సాయంత్రానికి ఇంటికి వచ్చి మూడో రోజూ ఆడవచ్చు. ఆమె లెక్క తప్పేమీ లేదు.

గురువారం ఎనిమిదీ ఇరవై బస్సెక్కాం. జగిత్యాలలో ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చున్నాం. తొమ్మిదిన్నరకు రావలసిన మనిషి పదిన్నరకూ రాలేదు. ఆసుపత్రి వరండాలో వాన నీళ్లు పల్చగా నిలిచి, పైన పోయే మనుషుల నీడలు వాటిలో తలకిందులుగా నడుస్తున్నాయి. పాప నా ఒళ్లో తల పెట్టి ఆ నీడలను లెక్కపెడుతోంది. ఇరవై ఆరు దగ్గర ఆపేసింది. అలసిపోయింది. రక్తనిధిలో ఆ రోజు ఆ గ్రూపు సంచి ఒక్కటీ లేదు. మేనకోడలు ఫోను చూపించి, "పచ్చగనే ఉన్నది అత్తమ్మా, ఆగుదాం" అంటోంది. పదకొండూ ఐదుకు నేను సంచిలోంచి నా ఫోను తీశాను.

రెండో మోతకే ఎత్తింది ఏడో నంబరు భార్య.

"ఎవలు?"

"నేను బిడ్డా, కోరుట్ల పెద్దమ్మను."

"నువ్వా? ఆ మెసేజ్ నువ్వు పంపిందా పెద్దమ్మా?"

అప్పుడు, ఆ బెంచీ మీద, నేనేం చేశానో నాకు తెలిసింది.

ఏడో నంబరు మనిషి దుబాయిలో ఉన్నాడు. నా పుస్తకంలో పేరు రాయించుకున్న కొత్తలోనే వెళ్లాడు, మూడేళ్లు దాటింది. అతని సిమ్ము ఇక్కడే భార్య దగ్గర ఉంది. ఆ వైపు ఏ ఇంట్లో చూసినా అంతే, మనిషి పోతాడు, నంబరు ఉంటుంది. నేను పిలిస్తే ఆమె ఎత్తేది. "మరిదిని పంపు బిడ్డా" అంటే పొలం దాకా పోయి పిలుచుకొచ్చేది. అతనిదీ అదే గ్రూపు. నాలుగు సార్లూ వచ్చింది తమ్ముడే. పుస్తకంలో మాత్రం అన్న పేరే ఉండిపోయింది. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు. అది రాయవలసిన విషయమని ఎప్పుడూ తోచలేదు. నా నోట్లో ఉంది కనుక పుస్తకంలో ఉన్నట్టే అనుకున్నాను.

మెసేజులో ఏముందంటే, ముందు అతని పేరు, పేరు పక్కన 'గారు', తరవాత 'అత్యవసరంగా రక్తం కావాలి, వస్తున్నట్టయితే 1 నొక్కండి'. ఎక్కడికి రావాలో లేదు, జగిత్యాలేనని మా అందరికీ తెలుసు కనుక. ఎవరికి కావాలో లేదు, పాపకేనని మాకు తెలుసు కనుక.

భర్త ఎడారిలో ఇనుప చట్రాలెక్కి పనిచేస్తాడు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి భార్య తెలియని నంబరు నుంచి వచ్చిన ఆ మెసేజ్ చూసింది. ఆయన పేరు, రక్తం, అత్యవసరం. ఆమె వెంటనే ఒకటి నొక్కింది. ఎక్కడున్నా వస్తానని. అందుకే మాకు పచ్చ గుర్తు పడింది.

ఆదివారం నేనూ మేనకోడలూ ఆటోలో వాళ్ల ఊరికి పోయాం. ఫోనులో చెప్పుకునే తప్పు కాదది. ఊరు పొలాల మధ్య తేలుతున్నట్టుంది, నీళ్లు ఇంకా పూర్తిగా దిగలేదు. వాకిట్లో అతని తల్లి, ఆ కోడలి అత్త, కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రాండ్రి. ఇంకెవలి పేరు రాసుకపోను అచ్చిండ్రు?"

"తప్పయింది అక్కా" అన్నాను.

"తప్పయింది! నా కొడుకు పేరు పెట్టి రక్తం రక్తం అని పంపుతరా? కోడలు నడింట్ల కూలబడ్డది. నేను రొమ్ము గుద్దుకున్న. ఊరంత అచ్చింది. చిన్నోడు గడ్డి మోపు ఇడిసిపెట్టి, ఆన్ని పంపిన ఏజెంటు ఇంటికి జగిత్యాల ఉరికిండు. పెద్దోడేమో ఫోను ఎత్తడు. పనిల ఫోన్లు పెట్టెల పెడ్తరట. గది మాకు ఎరికేనా?"

"మళ్లీ ఎన్నింటికి చేసిండు?" అన్నాను. నా నోరు ఊరుకోదు. మేనకోడలు వెనక నుంచి నా మోచెయ్యి గిల్లింది.

కోడలే చెప్పింది, గుమ్మంలో నిలబడి. "పన్నెండూ నలభైకి పెద్దమ్మా. నాకేమైంది, మంచిగనే ఉన్న అన్నడు. నమ్మలే. వీడియో చెయ్యి అన్న. చేతులు చూపియ్యి, కాళ్లు చూపియ్యి అన్న. అన్నీ చూపిచ్చిండు. పక్కనున్నోళ్లు నవ్విండ్రట."

మూడు గంటల ముప్పై మూడు నిమిషాలు. నేను లోపలే లెక్క వేసుకున్నాను.

"అక్కా, ఆ పిల్లకు ఇయ్యాలటికి మూడొద్దులు దాటింది" అన్నాను. "మీ చిన్నోడు ఒక్కసారి..."

"పిల్లకు నేను చెడు కోరుతనా? కోరను. కని పెద్దోడు చెప్పిండు, నా పేరు ఆ లిస్టుల ఉండద్దు అని. దూరంల ఉన్నోని మాట. పేరు తీసెయ్యుండ్రి. చిన్నోని పేరు గూడ ఎక్కియ్యద్దు. ఇగ ఈ ఇంటికి రక్తం అనే మాట రావద్దు."

కోడలు ఏదో అనబోయి అత్త వైపు చూసి ఆగింది. తమ్ముడు కొట్టం దగ్గర నిలబడి విన్నాడు. మాకు ఎదురుపడకుండా బర్రెను విప్పుకుని అటు వైపుగా పోయాడు. చాయ పెట్టలేదు. నేనూ ఎదురుచూడలేదు.

తిరుగు ఆటోలో మేనకోడలు, "పచ్చ పడకపోతే ఏం చెయ్యాల్నో అన్నీ రాసినం అత్తమ్మా. పచ్చ పడ్డంక గూడ తప్పయితదని రాయలే" అంది.

"రాస్తివి కదా. అందరికీ పంపి చూద్దామంటే నేనే వద్దంటి."

"నేనెందుకిన్న మరి? ఆఫీసులయితే ఒప్పుకుంటుంటినా? అత్తమ్మవని ఊకున్న."

రోడ్డు పక్కన తంగేడు పూలు మసక మసకగా వెనక్కి జారిపోతున్నాయి. ఎవరో పసుపు బట్ట మెల్లగా లాగుతున్నట్టు.

గురువారం మధ్యాహ్నం నుంచే ఫోన్లు చేస్తున్నాను. గడిచిన నాలుగు వంతుల్లో ఇచ్చిన నలుగురిని పిలవకూడదు, తొంభై రోజులు కాలేదు. ఏడో నంబరు పోగా మిగిలింది ఆరుగురు. ఒకరు తిరుపతిలో ఉన్నారు. ఒకరికి కామెర్లు. ఒకరికి డెంగీ వచ్చి తగ్గి వారం. ఒకరి ఫోను పలకలేదు. సిరిసిల్ల ఆయన సాంచాల చప్పుడులోంచి, "పండుగ చీరెల ఆర్డరున్నది పెద్దమ్మా, మంగళారం దాక సాంచ ఇడిసిపెడితె సేటు మల్ల రానియ్యడు" అన్నాడు. ఆ చప్పుడు ఆ రోజు వానలా లేదు. రుద్రంగి రైతు మాత్రం చెల్లెలిని అత్తగారింట్లో దింపి మంగళవారం మొదటి బస్సుకు వస్తానన్నాడు. ఆ మాట ప్రకారం వచ్చాడు.

ఈ మధ్యలో పాప మా వరండాలోనే పడుకుని ఉండేది. సాయంత్రం వీధి చివర పాట మొదలుకాగానే కళ్లు తెరిచేది. చప్పట్లు ఒక అలలా దగ్గరికి వచ్చి మళ్లీ దూరమయ్యేవి. వేళ్లు పైకి లేచి చాప మీద మెల్లగా ఆడేవి, కాసేపటికి ఆగేవి. "అమ్మమ్మా, ఇయ్యాల ఎన్నోది?" అని అడిగేది. చెప్పేదాన్ని. తల్లి బీడీలు చుట్టడం ఆపి పెదవులు చూసేది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి సంచి తగిలించారు. మొదటి చుక్క పడేటప్పుడు నేనూ మేనకోడలూ ఇద్దరం గడియారం చూశాం.

ఇప్పుడు ఫోనులో ఇంకో రెండు గడులు ఉన్నాయి. ఎత్తేది ఎవరు, వచ్చేది ఎవరు. మిగిలిన పదిమందికీ నేనే ఫోను చేసి అడిగి రాయించాను. వారిలో మరో ఇద్దరి నంబర్లు భార్యల దగ్గరే ఉన్నాయి. మెసేజులో మొదటి మాట ఇప్పుడు పాప సంగతి, రెండోది ఊరి పేరు. ఇచ్చేవాళ్ల పేరు ఎక్కడా లేదు.

పోయినవి ఇవి.

పాపకు ఐదు రోజులు. రక్తం తొమ్మిది పాయింట్లకు తగ్గకుండా ఉండే పిల్లకు మంగళవారం పొద్దున ఆరు పాయింటు రెండు.

బతుకమ్మ ఆట ఐదు సాయంత్రాలు. మూడు, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుందని ఎవరూ ఆడరు కనుక లెక్కలో వేయలేదు.

ఏడో నంబరు ఇంట్లో మూడు గంటల ముప్పై మూడు నిమిషాలు.

పదకొండుమందిలో ఒకరు. ఒకరి వంతు తిరిగి రావడానికి ఇప్పుడు రెండువందల పది రోజులు.

నేను చేస్తే రెండో మోతకే ఎత్తే ఒక గొంతు. ఆ తరవాత మూడు సార్లు చేశాను. ఎత్తలేదు.